ఆ ఒక్క గొంతు ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: అమ్మ పోయి ఏడు నెలలైంది. అప్పట్నించీ అర్థం తెలిసే పాట ఏదీ వినలేకపోతున్నాను. వాద్యాలు లేకుండా పది, పన్నెండు మంది కలిసి పాడే పాశ్చాత్య బృందగానం మాత్రం వినగలుగుతున్నా. లాటిన్ ముక్క రాదు, అయినా ఏడుపొస్తుంది. ఒకే కచేరీలో 400 ఏళ్ల నాటి పాట పక్కన ఈ కాలంలో రాసింది ఎందుకు పెడతారు? దుఃఖం ఎప్పుడైనా ఒకటేనని చెప్పడానికా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు అందనిది భాష ఒక్కటేనండి, మిగతాదంతా చెవికి అందుతోంది. ఈసారి వింటున్నప్పుడు గమనించండి, గొంతులన్నీ తర్వాతి స్వరానికి జరిగిపోతాయి, ఒక్క గొంతు మాత్రం పాత స్వరాన్నే పట్టుకుని ఉండిపోతుంది, పక్క గొంతుతో ఒరుసుకుంటుంది, మనకి లోపల కలుక్కుమంటుంది. కాసేపటికి అది ఒక్క మెట్టు దిగి మిగతావాళ్లలో కలుస్తుంది. దీన్ని సస్పెన్షన్ అంటారు. స్పెయిన్ స్వరకర్త విక్టోరియా 1603లో సామ్రాజ్ఞి మరియా చనిపోయినప్పుడు ఆరు గొంతులకు రాసిన రిక్వియంలో (చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థనాగీతం) ఇది మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మీకు ఏడుపొచ్చేది అక్కడేనేమో చూడండి. అందరూ ముందుకెళ్లిపోయాక మనం ఒక్కళ్లమే ఆగిపోయినట్టు ఉంటుంది కదా, అదే అది.

ఇక పాతా కొత్తా పక్కపక్కన ఎందుకంటే, దుఃఖం ఒకటేనని చెప్పడానికి కాదు, ఒకే దుఃఖాన్ని ఎన్ని రకాలుగా మొయ్యవచ్చో వినిపించడానికి అని నా నమ్మకం. తన మీదే తిరుగుబాటు చేసిన కొడుకు అబ్షాలోము చనిపోయాడని విని దావీదు రాజు మేడగదిలోకి వెళ్లి ఏడుస్తాడు, బైబిల్‌లో ఒకే ఒక్క వాక్యం అది. థామస్ టామ్‌కిన్స్ దాన్ని ఐదు గొంతులకు రాసి 1622లో అచ్చు వేయించాడు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అవే మాటలు 1999లో ఎరిక్ విటాకర్ తీసుకుంటే దాదాపు పావుగంట పట్టింది, ‘నా కొడుకా’ అన్న మాట మీద గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. మొదటిది దుఃఖాన్ని ఒద్దికగా పట్టుకుంటుంది, రెండోది అందులోంచి బయటికి రాలేకపోతుంది. ఏడు నెలల్లో మీకు ఈ రెండు రకాల రోజులూ వచ్చే ఉంటాయి.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి పాడతాం. ఇలాంటి కచేరీ చివర్లో ఆశ కనిపించాలంటే ఏం పెట్టాలి? రిహార్సల్‌లోనే గొంతు పూడుకుపోతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: చివర్లో సంతోషమైన పాట ఒకటి అతికించకండి, అది అబద్ధంలా వినిపిస్తుంది. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలిన రెండు రోజులకి స్వరకర్త ఆర్వో పార్ట్ ‘డా పాచెమ్ డోమినే’ అనే పాట మొదలుపెట్టారు. నాలుగు గొంతులు, శాంతినివ్వమని అడిగే ప్రాచీన ప్రార్థన, అంతే. అందులో ఓదార్పు మాటలు కూడా లేవు, అడగడమే ఉంది. నాకైతే ఆశ అంటే అదే. దాన్ని చివర కాకుండా మధ్యలో, రెండు బరువైన పాటల నడుమ పెట్టి చూడండి. మధ్యమధ్య చప్పట్లు వద్దని ముందే చెప్పండి.

గొంతు పూడుకుపోవడం తప్పేం కాదు, ఏడుపొస్తే స్వరపేటిక బిగుసుకుంటుంది. రిహార్సల్లో ఏడవండి, ఆపుకోకండి. జాన్ టావెనర్ 1993లో రాసిన ‘సాంగ్ ఫర్ అథీన్’ మీ ఎనిమిది మందీ నేర్చుకోండి, డయానా అంత్యక్రియల్లో పాడింది అదే. అందులో కింది గొంతు మొదట్నించి చివరిదాకా ఒకే స్వరం మీద నిలబడాలి, ఏ ఒక్కరి ఊపిరీ దానికి చాలదు. అందుకని ఆ కింది గొంతు పాడే ఇద్దరూ వంతులేసుకుంటారు, ఒకరు అక్షరం మధ్యలో వినపడకుండా ఆగి ఊపిరి తీసుకుంటే రెండోవాళ్లు నిలబెడతారు, మళ్లీ మొదటివాళ్లు మెల్లగా వచ్చి కలుస్తారు. మీకు గొంతు ఆగిన చోట కూడా అంతే చేయండి, పక్కవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.