గస్సాన్ దిగేటప్పుడు తొందరపడకు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "మీ మేనకోడలు ఆగస్టులో దేవా సన్‌జాన్ వెళ్తుందట, ఆఫీసులో ఇంకో అమ్మాయితో కలిసి మూడు కొండలూ రెండు రోజుల్లో చుట్టేస్తుందట, నువ్వైనా చెప్పు వదినా" అంది. చెప్పడమంటే వద్దని చెప్పమని. నేను ఆ మాట అనను. జపాన్‌లో మనవాళ్ళందరూ ఫ్యూజీ ముందు నిలబడి ఫొటో పెడతారు గానీ, యమగతా దాకా వెళ్ళి హగురో, గస్సాన్, యుదోనో అనే ఆ మూడు కొండలు చూడాలని ఎంతమందికి పుడుతుంది? మన ఇంటి పిల్లకు పుట్టిందని గర్వంగానే ఉంది. ఆ "రెండు రోజుల్లో" అన్న దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది.

పైగా "అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినదాన్ని, హగురోలో ఉన్నవి 2446 మెట్లే కదా" అన్నావట. అలిపిరిలో నెత్తిమీద కప్పు ఉంటుంది, దారి పొడుగునా దుకాణాలుంటాయి. హగురో మెట్లు నాచు పట్టిన పాతరాళ్ళు. కొన్నిచోట్ల పాదం నిండా ఆనదు, వాన పడితే జారతాయి. అయినా హగురో గురించి నాకు భయం లేదు, దాని ఎత్తు 414 మీటర్లే. నా భయమంతా రెండో కొండ గస్సాన్ గురించి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు చిన్న విషయాలు. టోక్యో నుంచి షిన్‌కాన్‌సెన్‌లో నీగాతా, అక్కడ ఇనాహో ఎక్స్‌ప్రెస్‌లోకి మారి త్సురుఒకా. ఎడమ కిటికీ పక్క సీటు తీసుకో, సముద్రం కనిపిస్తుంది. త్సురుఒకా నుంచి హగురోకి బస్సు. గస్సాన్ బస్సు వేసవిలోనే నడుస్తుంది, కొండ మీద గుడి కూడా జులై 1 నుంచి సెప్టెంబరు మధ్య దాకే తెరుస్తారు. బస్సు వేళలు ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకో. చిల్లర, నోట్లు దగ్గరుంచుకో. గుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగడం నీకు తెలిసిందే.

హగురో కింద ఊరు తోగే. అక్కడి షుకుబోలో ఒక రాత్రి ఉండు. యాత్రికుల కోసం పూజారుల కుటుంబాలు నడిపే ఇళ్ళవి. షోజిన్ భోజనం, అంటే గుళ్ళ పద్ధతి శాకాహారం పెడతారు: కొండకూరలు, వెదురు కొమ్ములు, పైన చిక్కటి పాకం పోసిన నువ్వుల తోఫు. ఆ తోఫు కోసమే ఇంకోసారి వెళ్ళొచ్చు. అయితే కొన్ని ఇళ్ళలో చేప కూడా వడ్డిస్తారు, కాబట్టి చేప, చేప దాషి (చేపతో కాచిన రసం) రెండూ వద్దని బుక్ చేసేటప్పుడే చెప్పు. తినే ముందు చెబితే వాళ్ళకూ ఇబ్బంది, నీకూ పస్తు. ఇంకోటి, తాతామీ గదిలో ఆవకాయ సీసా తెరిచావంటే నా మేనకోడలివని ఎక్కడా చెప్పకు. నూనె మరక పడితే ఆ చాప పోదు, పరువు పోతుంది.

మెట్లు మొదలయ్యే దగ్గర జుయిషిన్‌మోన్ అనే ద్వారం ఉంటుంది. ఒకప్పుడు అక్కడ నియో అనే బౌద్ధ ద్వారపాలకులు ఉండేవారు. 1868లో మెయిజీ ప్రభుత్వం కామి (జపాన్ సొంత మతమైన షింతో దేవుడు) వేరు, బుద్ధుడు వేరు అని విడదీసినప్పుడు వాళ్ళను తీసేసి షింతో కావలివాళ్ళ పేరు పెట్టారు. వెయ్యేళ్ళకు పైగా ఆ కొండల మీద ఇద్దరూ ఒకరే. హగురో దేవుడు కన్నన్, అంటే అవలోకితేశ్వరుడు. గస్సాన్ అమితాభుడు, యుదోనో మహావైరోచనుడు. ఈ కొండను మొదట తెరిచింది హచికో యువరాజు. తండ్రి సుషున్ చక్రవర్తిని 592లో హత్య చేస్తే పారిపోయి ఇటు వచ్చాడనీ, మూడుకాళ్ళ కాకి దారి చూపిందనీ, అది 593 అనీ చెబుతారు. రాజ్యం పోయినవాడు కొండ పట్టాడన్నమాట.

ద్వారం దాటి కాస్త దిగితే ఎర్ర వంతెన, వాగు, ఆ పక్కన సన్నటి జలపాతం వస్తాయి. ఆ తర్వాత దేవదారుల మధ్య అయిదంతస్తుల పగోడా. దానికి రంగు గానీ మేకు గానీ కనబడదు, అంతా బూడిదరంగు తేలిన కట్టె. సుమారు 29 మీటర్ల ఎత్తు. ఇప్పుడున్నది 14వ శతాబ్దంలో మళ్ళీ కట్టిందని అంటారు. విడదీసిన రోజుల్లో ఎన్నో బౌద్ధ కట్టడాలు పోయినా ఇది మిగిలింది. ఇప్పుడు అది షింతో గుడి అధీనంలో ఉన్న బౌద్ధ గోపురం. పక్కనే వెయ్యేళ్ళ "తాత దేవదారు" ఉంది. దాని జోడీ బామ్మ దేవదారు 1902 గాలివానలో పడిపోయింది.

మెట్ల మీద సాకే (బియ్యపు సారా) గిన్నెలు, సొరబుర్రలు లాంటి బొమ్మలు 33 చెక్కి ఉన్నాయంటారు. అన్నీ కనిపెడితే కోరిక తీరుతుందట. వెతుకు, కానీ వెతుకుతూ తల దించుకుని నడిచి చెట్లను మర్చిపోకు. రెండో ఎక్కుడులో టీ కొట్టు వస్తుంది, అక్కడ కూర్చో. పైన మూడు కొండల దేవుళ్ళకూ కలిపి ఒకటే గుడి, 1818లో కట్టింది. దాని గడ్డికప్పు మందం రెండు మీటర్లు. చలికాలంలో మిగతా రెండు కొండలు మంచుకింద మూసుకుపోతాయి కాబట్టి దేవుళ్ళను ఇక్కడే కొలుస్తారు. ఆ దగ్గర్లో పోయినవాళ్ళ కోసం ఉన్న మందిరం పక్కన పిల్లలను కాపాడే జిజో బోధిసత్వుడి విగ్రహాలు, కాగితపు గాలిమరలు ఉంటాయి. పసిపిల్లల పేరు మీద పెట్టినవి. అక్కడ నవ్వుతూ సెల్ఫీ తీసుకోకు, చెప్పనక్కర్లేదనుకుంటా.

హగురో ఈ జన్మ, గస్సాన్ చావు, యుదోనో మళ్ళీ పుట్టడం. ఆ వరుసలోనే వెళ్ళాలని పెద్దలు పెట్టిన పద్ధతి. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఆ వరుసే పాటించు, దారి కూడా అలాగే కుదురుతుంది.

ఇక అసలు సంగతి. మీ మామయ్య చేసిన లెక్క.

మేము యోకొహామాలో ఉన్న రోజుల్లో ఒక జులైలో వెళ్ళాం. గస్సాన్‌లో ఎనిమిదో మజిలీ దాకా బస్సు వెళ్తుంది, అదే దాదాపు 1400 మీటర్లు. అక్కడి నుంచి 1984 మీటర్ల శిఖరానికి నడక, రెండున్నర మూడు గంటలు. శిఖరం నుంచి అవతలి వైపు దిగితే యుదోనో. మీ మామయ్య చాలా తీరిగ్గా, "ఎక్కడానికి మూడు గంటలంటే దిగడానికి గంటన్నర" అన్నారు. బుజ్జీ, ఆ వైపు దిగడానికీ దాదాపు అంతే పడుతుంది. దించేది నున్నటి దారి కాదు.

ఆ గంటన్నర ధీమాతో బస్సు దిగగానే మిదహరా బాడవలో చెక్కబాట మీద బోర్లా పడుకుని పసుపు లిల్లీలను ఫొటోలు తీశారు. వెనక నుంచి వచ్చే యాత్రికులు తెల్లబట్టల్లో ఆయనను దాటలేక నిలబడ్డారు. బుస్షో చెరువు దగ్గర గుడిసెలో నూడుల్స్ తిన్నారు. శిఖరం మీద రాతిగోడ మధ్య గుడి. కాగితపు బొమ్మతో ఒళ్ళు తుడుచుకుని నీళ్ళలో వదలడం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం వాలింది, పొగమంచు కమ్మింది. అక్కడున్న ఒకాయన మేమెటు వెళ్తున్నామో అడిగి, గడియారం చూపించి, వచ్చిన దారినే వెళ్ళిపొమ్మన్నాడు. "వచ్చిన దారిలో ఏముంది చూడ్డానికి" అన్నారు మీ మామయ్య, తెలుగులో.

దిగడం మొదలుపెడితే అడుగు పెట్టిన రాయల్లా కదులుతుంది. జులైలో కూడా మంచు పలకలు మిగిలి ఉన్నాయి. ఆ కొండ మీద స్కీయింగ్ ఏప్రిల్లో మొదలవుతుంది, చలికాలంలో మంచు మరీ ఎక్కువ కాబట్టి. ఉషికుబి దగ్గర దారి చీలుతుంది, ఉబసవా వైపు లిఫ్ట్ ఉంది. నాకప్పటికే మోకాలు పట్టేసింది, అటు పోదామన్నాను. వినలేదు. చివర్లో ఇనుప నిచ్చెనలు వస్తాయి, రాతికి బిగించినవి. తడిగా ఉన్నాయి. కింద మెట్టు కనబడదు, కాలు చాచి గాలిలో తడుముకోవాలి. బూటు అంచు ఇనుముకు తగిలాక కూడా బరువు వేయడానికి ధైర్యం చాలదు. పక్కన గొలుసు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి. నా చేతికర్ర జారి కింద ఎక్కడో టకటకమని పడింది. అది ఆగడం వినబడలేదు. ఆ నిచ్చెనల మీద నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు, మీ మామయ్యనే తలుచుకున్నాను. ఆ తర్వాత వాగులోంచే నడక.

యుదోనో చేరేసరికి మూసేశారు. కింద పెద్ద తోరీకి (గుడి ద్వారానికి) వెళ్ళే షటిల్ బస్సూ పోయింది. తారురోడ్డు మీద కుంటుతూ దిగాం. త్సురుఒకా దాకా టాక్సీ. మర్నాడు ఆఫీసని రాత్రికే తిరుగుప్రయాణం. యుదోనో నేను చూసింది ఎన్నో ఏళ్ళ తర్వాత, మీ మామయ్య లేకుండా. ఇప్పుడు ఇది రాస్తుంటే ఎదురుగా కూర్చుని "ఆ ఏడు బస్సు వేళలు మార్చారు" అంటున్నారు. మార్చలేదు.

అందుకని మూడు రోజులు పెట్టుకో. మొదటి బస్సుకే ఎనిమిదో మజిలీ చేరు. మధ్యాహ్నం పన్నెండు లోపు శిఖరం మీద లేకపోతే, పొగమంచు ఉంటే, మీలో ఒకరికి కాలు నొప్పి ఉన్నా సరే, వెనక్కి వచ్చెయ్. యుదోనోకు మర్నాడు రోడ్డు మార్గాన వెళ్ళొచ్చు. మడమ గట్టిగా ఉన్న బూట్లు, చేతి గ్లవ్స్, వానకోటు తప్పవు. స్పోర్ట్స్ షూస్ అన్న మాట నాకు వినబడకూడదు. ఆ అమ్మాయి ముందు పిరికిదానిలా కనిపిస్తానేమో అని మాత్రం ముందుకెళ్ళకు తల్లీ. నీకు చిన్నప్పటి నుంచీ ఆ జబ్బుంది. మా పెరట్లో గోడ మీద నుంచి దూకింది కూడా అందుకే కదా.

యుదోనోలో చెప్పులు విప్పాలి, ఫొటోలు తీయకూడదు. విగ్రహం లేదు. ఎర్రటి బండ, దాని మీద పారే వేడినీళ్ళు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అక్కడ చూసింది చెప్పకూడదు, అడగకూడదు అని పాత కట్టు. నన్ను ఫోన్లో గుచ్చి గుచ్చి అడిగావు కానీ చెప్పను.

మమ్మీల గురించి మీ అమ్మకు భయం. దైనిచిబో గుడిలో షిన్న్యోకాయ్, చూరెన్‌జీ గుడిలో తెత్సుమోన్‌కాయ్ అనే సన్యాసుల దేహాలు ఇప్పటికీ కూర్చున్న భంగిమలోనే ఉన్నాయి. చెట్టుబెరడు, గింజలు తిని ఏళ్ళ తరబడి ఒళ్ళు ఎండబెట్టుకుని సమాధిలోకి వెళ్ళినవాళ్ళు. బ్రహ్మంగారి మఠానికి వెళ్ళి జీవసమాధికి దణ్ణం పెట్టుకొచ్చిన మీ అమ్మకు వీళ్ళంటే భయమెందుకో నాకర్థం కాదు. ఆ గుళ్ళది షింగోన్ శాఖ, మన నాగార్జునాచార్యుణ్ణి మూలగురువుల్లో ఒకరిగా కొలుస్తారు. నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళే పడవ ఎక్కనని ఏడ్చావే, ఆ పేరే. దైనిచిబోకు తప్పకుండా వెళ్ళు. యుదోనోకు ఆడవాళ్ళు వెళ్ళకూడని కాలంలో అక్కడ నిలబడే మొక్కుకునేవారు. ఆడవాళ్ళ మీద ఆ నిషేధం 1872లో ఎత్తేశారు. యమబుషీలు అనే కొండ సన్యాసుల షుగెన్‌దో మార్గాన్ని నిషేధించింది కూడా ఆ ఏడే. ఒకరికి తలుపు తీసి ఇంకొకరికి వేశారు. యమబుషీలు మాత్రం పోలేదు. ఇప్పటికీ వాళ్ళ శరత్కాల దీక్షను గుడివాళ్ళు విడిగా, బౌద్ధులు విడిగా చేస్తారు. వాళ్ళ శంఖం వినబడితే పక్కకు తప్పుకుని దారివ్వు.

త్సురుఒకా తిరిగి వచ్చాక నాకు ఫోన్ చెయ్. శిఖరం మీద నుంచి చెయ్యకు, నిలబడి మాట్లాడుతూ టైమ్ పోగొడతావు.

మీ అత్తయ్య

తా.క. బ్యాగుకు ఎలుగుబంట్లు దూరంగా పోయేలా మోగే గంట కట్టుకో. ఈ ఒక్క ముక్క మీ అమ్మకు చదివి వినిపించకు.