ష్రూస్‌బరీకి వెళ్లే ముందు

చిరంజీవి వాసంతికి,

పెద్దనాన్న ఆశీస్సులు. వచ్చే నెలలో మీ అమ్మా నాన్నా నీ దగ్గరకు వస్తున్నారనీ, వారికి ఒక రోజు ఏదైనా పాత ఊరు చూపించాలని ఉందనీ రాశావు. నన్నడిగితే ష్రూస్‌బరీకి తీసుకువెళ్లు. నీవుండే బర్మింగ్‌హామ్ నుంచి రైలులో ఇంచుమించు గంట ప్రయాణం. నేను వుల్వర్‌హాంప్టన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇంటికి ఏ చుట్టం వచ్చినా అక్కడికే తీసుకువెళ్లేవాణ్ని. ఊరి పేరును ష్రూస్‌బరీ అనాలో ష్రోస్‌బరీ అనాలో అక్కడివాళ్లకే ఏకాభిప్రాయం లేదు కనుక నీవు ఎలా పలికినా ఫరవాలేదు.

చాలామంది రైలు దిగగానే అంగళ్ల వీధుల్లోకి నడుస్తారు. మీరు మాత్రం మొదట నది ఒడ్డుకు దిగండి, ఊళ్లోకి తర్వాత ఎక్కవచ్చు. సెవెర్న్ నది గుర్రపు లాడంలా ఒంపు తిరిగి ఊరిని మూడు వైపులా చుట్టేస్తుంది. నీరు లేని ఆ ఒక్క ఇరుకు మెడ మీద, 11వ శతాబ్దంలో నార్మన్లు కోట కట్టారు. స్టేషను ఆ కోట పాదాల దగ్గరే ఉంటుంది, ప్లాట్‌ఫారాలు కొంత మేర నది మీది వంతెన పైనే ఉంటాయి. ఊరికి తూర్పున ఇంగ్లిష్ బ్రిడ్జి, పడమర వెల్ష్ బ్రిడ్జి. ఒకటి ఇంగ్లండు వైపు, మరొకటి వేల్స్ వైపు. సరిహద్దు ఊరు కనుక ఈ రెండు వంతెనలను అదుపులో ఉంచుకున్నవాడిదే ఇక్కడ పెత్తనం. కోట వెనుక నుంచి దిగి నీటి పక్కనే నడిస్తే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే మీ నాన్నకు అర్థమవుతుంది.

అయితే బయలుదేరే ముందు రోజు నది మట్టం ఎంత ఉందో ప్రభుత్వ వరద హెచ్చరికల పేజీలో తప్పక చూడు. ఒక ఫిబ్రవరిలో నేను ఆ పని చేయకుండా నలుగురు బంధువులను వెంటబెట్టుకుని వెళ్లాను. మేము నడవవలసిన దారి నీళ్లలో ఉంది, పార్కులోని బెంచీలకు వీపులు మాత్రమే పైకి కనిపించాయి. వేల్స్ కొండల్లో కురిసిన వాన ఇక్కడికి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, ఊళ్లో ఎండ కాస్తోందని నది శాంతంగా ఉందనుకోకూడదు.

ఇంగ్లిష్ బ్రిడ్జి దాటి కాస్త ముందుకు వెళితే 1083లో స్థాపించిన ఎర్రరాతి మఠం చర్చి కనిపిస్తుంది. చర్చితో పాటు దానికి ఎదురుగా రోడ్డుకు అవతల ఒంటరిగా నిలబడిన చిన్న రాతి మంటపాన్ని కూడా చూడండి. సన్యాసులు భోజనం చేస్తుండగా ఒకరు నిలబడి గ్రంథం చదివి వినిపించే వేదిక అది. భోజనశాల పోయింది, మఠం స్థలం మధ్య నుంచి రోడ్డు వచ్చింది, వేదిక మాత్రం మిగిలింది.

అక్కడి నుంచి ఊళ్లోకి నేరుగా వెళ్లే వైల్ కాప్ వీధి బాగా ఏటవాలు. మీ అమ్మ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ ఎక్కుడు మానేసి, వెనక్కి వచ్చి నది వెంటే క్వారీ పార్కు దాకా నడవండి. తీరిగ్గా నడిచి, లైమ్ చెట్ల కింద (పేరు అదే అయినా ఇవి నిమ్మ చెట్లు కావు, పెద్ద నీడ చెట్లు) కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం అక్కడే తినండి. పార్కు పైన గుండ్రని కట్టడంగా కనిపించేది సెయింట్ చాడ్స్ చర్చి. ఈ ఊళ్లోనే 1809లో పుట్టిన చార్లెస్ డార్విన్‌కు బాప్తిస్మం ఇచ్చింది అందులోనే.

తర్వాత ఊరి నడిబొడ్డున ఉన్న స్క్వేర్‌కు వెళ్లండి. అక్కడ 1596లో కట్టిన పాత మార్కెట్ హాలు ఉంది. దాని కింది కమానుల్లోకి వెళ్లి, స్తంభాలను దగ్గరగా చూడండి. ఒక స్తంభానికి లోపలి వైపు వరుసగా చిన్న చిన్న రంధ్రాలు తొలిచి ఉంటాయి. అమ్ముడైన ఉన్ని లెక్క తప్పకుండా ఉండడానికి చేసుకున్న ఏర్పాటట అది. వేల్స్ నుంచి వచ్చిన ఉన్ని వ్యాపారమే ఈ ఊరికి సంపద తెచ్చింది, వీధుల్లో కనిపించే నలుపు తెలుపు దూలాల మేడలన్నీ ఆ డబ్బే.

అదే స్క్వేర్‌లో రాబర్ట్ క్లైవ్ కంచు విగ్రహం ఉంది. ఆయన ఈ ఊరికి పార్లమెంటు సభ్యుడిగానూ మేయరుగానూ పనిచేశాడు. మన బందరు కోటను ఫ్రెంచివారి నుంచి 1759 ఏప్రిల్‌లో పట్టుకున్న కల్నల్ ఫోర్డ్‌ను బెంగాల్ నుంచి పంపింది ఈయనే. 1765లో మొగలు చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నదీ ఈయనే. బందరులో పుట్టి పెరిగిన మీ నాన్న ఆ విగ్రహం ముందు కనీసం అరగంట ప్రసంగిస్తాడు. ఆపకు, పక్కనే టీ దొరుకుతుంది.

చివరిగా గ్రోప్ లేన్ వంటి సందుల్లో తిరగండి. పై అంతస్తులు ఒకదాని మీదికి ఒకటి వంగి ఆకాశాన్ని సన్నటి చీలికలా మిగులుస్తాయి. రాళ్లు పరిచిన నేల జారుతుంది కనుక మీ అమ్మకు చెప్పులు వద్దు, బూట్లు వేయించు. తిరిగి స్టేషనుకు దిగేటప్పుడు పాత బడి భవనం ఎదుట డార్విన్ కూర్చున్న విగ్రహం వస్తుంది. ఆయన చదివిన ఆ బడి ఇప్పుడు గ్రంథాలయం.

తిరుగు ప్రయాణానికి ఫలానా రైలుకే చెల్లే చవక టిక్కెట్టు కొనవద్దు. విగ్రహం దగ్గర ఎంతసేపవుతుందో నీవూ నేనూ చెప్పలేము.

ఆశీస్సులతో,
పెద్దనాన్న