10 అడుగుల కంప్యూటర్ బల్లకి 8 అడుగుల ప్లైవుడ్ అతకడం

10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు బల్లకి 8 అడుగుల ప్లైవుడ్ షీటు ఎలా అతకాలని అడిగారు కదా. మీ కార్పెంటర్ చెప్పినట్టు రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి కింద పట్టీ కొడితే, కొన్నాళ్లకి అతుకు దగ్గరే కుంగుతుందండీ. 18 ఎంఎం ప్లై రెండు పొరలుగా వేయించండి: ఎడమ నుంచి కింది పొర 8+2, పై పొర 2+8. అతుకుల మధ్య 6 అడుగుల ఎడం వస్తుంది.

మీ బల్ల వెడల్పు 2 అడుగులే కాబట్టి ఒక 8×4 షీటు, దానికి అదనంగా ఒక 4×2 ముక్క చాలు. షాపువాడు రెండో షీటు అంటగడతాడు, జాగ్రత్త!

పొరల మధ్య ఫెవికాల్ అంతటా పూసి, కింది నుంచి 30 ఎంఎం స్క్రూలు ఆరేసి అంగుళాలకొకటి బిగించాలి. రెండు పొరలూ కలిపి 36 ఎంఎమ్మే కాబట్టి, అంతకంటే పొడవైనవి వాడితే మొనలు పైకి పొడుచుకొస్తాయి. 2 అడుగుల దగ్గర, 8 అడుగుల దగ్గర అతుకుల కింద ఆధారం తప్పనిసరి.

పైన అంటించే సన్‌మైకా (లామినేట్) అతుకు ప్లై అతుకు మీద పడనివ్వకండి. అడుగున కూడా పల్చటి లామినేట్ వేయిస్తే బల్ల వంకర తిరగదు.