మెదడు ఆపరేషన్ తర్వాత రక్తం పలచబరిచే మందు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని వార్ఫరిన్ వాడేవారు. మెదడు పైపొరల కింద రక్తం చేరితే పుర్రెకు రంధ్రాలు పెట్టి తీశారు. మాత్ర ఆపి పది రోజులైంది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: మీ అంతట మీరు మాత్రం మొదలుపెట్టకండి. పాత రక్తం తీసేసినా దాని చుట్టూ కట్టిన పొర లోపలే ఉంటుంది. అందులో పుట్టిన సన్నటి రక్తనాళాలు పెళుసుగా ఉండి కారుతుంటాయి. అందుకే రక్తం మళ్లీ చేరడం ఈ జబ్బులో అరుదేమీ కాదు. మొదటి కొన్ని వారాలే ఎక్కువ ప్రమాదం. అలాగని మాత్ర శాశ్వతంగా మానేస్తే గుండెలో గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు. సాధారణంగా సీటీ స్కాన్ మళ్లీ తీసి, రక్తం తీసిన చోట ఖాళీ తగ్గుతోందని తేలాక, న్యూరోసర్జన్, గుండె డాక్టర్ కలిసి తేదీ నిర్ణయిస్తారు. గుండెలో కృత్రిమ లోహ కవాటం ఉంటే అంతకాలం ఆగడం కష్టం. ఆ సంగతి ముందే చెప్పండి.

వార్ఫరిన్ మళ్లీ మొదలైతే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే రక్తపరీక్ష) తరచూ చేయించాలి. గుండె లయ తప్పే జబ్బుకు దాన్ని మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు. తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, నడక తూలినా, చెప్పు కాలి నుంచి తెలియకుండా జారిపోతున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.