పాఠకుల ప్రశ్నలు: మామగారి పాత వించెస్టర్ రైఫిల్

ప్రశ్న: మేము హ్యూస్టన్ దగ్గర స్థిరపడిన అమెరికా పౌరులం. మా మామగారు జింకల వేటకు వాడిన వించెస్టర్ మోడల్ 94 లివర్ రైఫిల్ (ట్రిగ్గర్ చుట్టూ ఉన్న మీటను కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించేది) ఆయన తదనంతరం మాకు వచ్చింది. పన్నెండేళ్లుగా అల్మరాలోనే ఉంది. బారెల్ మీద '30 డబ్ల్యు.సి.ఎఫ్.' అని చెక్కి ఉంది కానీ ఆ పేరుతో తూటాలు దొరకడం లేదు. లివర్ బిగుసుకుపోయింది, ట్రిగ్గర్ ఒక్కోసారి అసలు కదలదు, మ్యాగజైన్ (తూటాలు నింపే గొట్టం) నుంచి రెండో తూటా పైకి రావడం లేదు. దీన్ని ఇంట్లోనే బాగుచేసుకుని పేల్చవచ్చా?

జవాబు: మీరు వెతుకుతున్న తూటా తుపాకుల దుకాణాల్లో మామూలుగా దొరికేదే, పేరే మారింది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ రైఫిల్‌కు 1895లో పొగలేని మందుతో వచ్చిన తూటాను కంపెనీ '30 వించెస్టర్ సెంటర్ ఫైర్' అని పిలిచింది. దాన్నే ఇవాళ '30-30 వించెస్టర్' అంటున్నారు.

రెండో తూటా రావడం లేదని రాశారంటే ఇంట్లోనే అసలు తూటాలు నింపి చూశారేమోనని నాకు భయం వేసింది. దయచేసి ఇకపై అలా చేయవద్దు. మందూ, ప్రైమరూ (తూటా అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న బిళ్ల) లేని డమ్మీ తూటాలు అమ్ముతారు, పరీక్షలన్నీ వాటితోనే చేయండి. ఏ పని మొదలుపెట్టినా ముందు ఛాంబర్‌లోకి (బారెల్ వెనుక చివర తూటా కూర్చునే గది) వేలు పెట్టి చూసుకోండి.

అన్నిటికంటే ముందు చూడవలసింది హ్యామర్, అంటే ట్రిగ్గర్ నొక్కితే ముందుకు పడి తూటాను పేల్చే సుత్తి. 1990ల ఆరంభం వరకు వచ్చిన మోడల్ 94లకు మీట నొక్కే సేఫ్టీ లేదు. మీ రైఫిల్ వంటి పాతవాటిలో హ్యామర్‌ను సగం వరకు లాగితే ఒక గాడిలో ఆగుతుంది, రక్షణ ప్రధానంగా అదే. ఖాళీ రైఫిల్‌లో హ్యామర్‌ను ఆ గాడిలో నిలిపి, లివర్‌ను బిగించి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి, బొటనవేలితో హ్యామర్‌ను గట్టిగా ముందుకు తోయండి. అది జారితే గాడి అరిగిపోయినట్టే. అలాంటి రైఫిల్‌ను ఆకురాయితో స్వయంగా సరిచేయబోకుండా నేరుగా గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో నేను మినహాయింపు ఒప్పుకోను.

ట్రిగ్గర్ కదలకపోవడం చాలామంది పాడైందనుకుంటారు గానీ, అది ఈ రైఫిల్ స్వభావమే. ట్రిగ్గర్ వెనుక చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. లివర్ పూర్తిగా పైకి మూసుకుని ఆ పిన్నును లోపలికి నొక్కితే తప్ప ట్రిగ్గర్ విడుదల కాదు. చేత్తో లివర్‌ను పిడికి ఆనించి గట్టిగా పట్టుకుని మళ్లీ చూడండి.

లివర్ బిగుసుకుపోవడానికి కారణం చాలావరకు ఎండి జిగురులా మారిన పాత నూనె. రైఫిల్‌ను పూర్తిగా విప్పకుండానే మినరల్ స్పిరిట్స్‌తో (రంగులను పలుచన చేసే ద్రావకం) లోపలి భాగాలను కడిగి, ఆరనిచ్చి, పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే సగం జబ్బు పోతుంది. విప్పక తప్పకపోతే, స్క్రూ గాడిలో కచ్చితంగా పట్టే సమమందపు మొన ఉన్న స్క్రూడ్రైవరే వాడండి. మామూలు స్క్రూడ్రైవర్ ఆ పాత స్క్రూల తలలను చెడగొడుతుంది. రెండో తూటా రాకపోవడం మాత్రం ఎక్కువగా మ్యాగజైన్ గొట్టంలో మురికి వల్లనో, స్ప్రింగ్ నీరసించడం వల్లనో జరుగుతుంది. గొట్టం చివరి మూత తీసేటప్పుడు నొక్కుడు మీద ఉన్న స్ప్రింగ్ ఎగిరి ముఖాన తగలగలదు కనుక మూతను అరచేత్తో అదిమి పట్టి నెమ్మదిగా వదలండి. విడిభాగాలు కొనేముందు సీరియల్ నంబరు చూసుకోండి. 1964లో తయారీ విధానం మారినందువల్ల అంతకు ముందువీ తర్వాతవీ అన్నీ ఒకదానికొకటి సరిపోవు.

బారెల్‌ను ఈ రైఫిల్‌లో వెనుక నుంచి శుభ్రం చేయడం కుదరదు, మూతి నుంచే చేయాలి. శుభ్రం చేసే కడ్డీ మూతి అంచుకు రాసుకుంటే గురి శాశ్వతంగా చెడుతుంది కనుక కడ్డీని మధ్యలో నిలిపే ఇత్తడి గైడు తప్పనిసరి. లోపల నల్లగా, కాస్త గుంటలుగా కనిపించినా మెలికల గాడులు స్పష్టంగా ఉంటే నిరాశపడకండి. అలాంటి బారెల్స్ 50 గజాల దూరంలో బాగానే కొట్టడం చూశాను.

పేల్చేముందు గన్‌స్మిత్ చేత గేజీలతో హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో తూటా కూర్చునేందుకు ఉండే ఎడం) కొలిపించండి. తర్వాత షూటింగ్ రేంజిలో, కంటికీ చెవులకూ రక్షణ పెట్టుకుని, తూటాలను ఒక్కొక్కటిగా ఛాంబర్‌లోనే పెట్టి మొదటి ఐదింటిని పేల్చి, ప్రతి ఖాళీ తొడుగునూ పరీక్షించండి. ప్రైమర్ బయటికి పొడుచుకువచ్చినా, అడుగుకు కాస్త పైన మెరిసే వలయం కనిపించినా అక్కడితో ఆపేయండి.

మీరు పౌరులు కనుక మీకు ఇబ్బంది లేదు గానీ, ఇతర పాఠకుల కోసం ఒక మాట: హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: నా మోడల్ 94కు కోసు మొన ఉన్న బుల్లెట్లు వాడవద్దని అంటారు. దూరం వెళ్లేవి అవే కదా?

జవాబు: దూరం వెళ్తాయన్నది నిజమే. కానీ మీ మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా పడుకుంటాయి, వెనుక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది. పేలినప్పుడు వచ్చే తన్నుకు గట్టి లోహపు మొన ఆ ప్రైమర్‌ను గుద్దితే తూటా గొట్టంలోనే, మీ ఎడమ చేతి పట్టులోనే పేలవచ్చు. అందుకే 30-30కి 150, 170 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లు చదును లేదా గుండ్రని మొనతో వస్తాయి. కోసుగానే కావాలంటే హార్నడీ సంస్థ ఇలాంటి గొట్టపు మ్యాగజైన్ల కోసమే మెత్తగా వంగే మొనతో చేసిన తూటాలు వాడండి. మీ పెట్టె మీద ఆ సంగతి రాసి లేకపోతే ఆ కోసు మొన తూటాలను మ్యాగజైన్‌లో నింపవద్దు.