నడుముకు కట్టుకునే పిస్తోలు గురించి రాసేటప్పుడు

అమ్మాయీ,

నీ వ్యాసం జాగ్రత్తగా చదివాను. డాలస్‌లో ఉంటూ సొంతానికి చిన్న పిస్తోలు కొనుక్కుని, దాన్ని రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, పరీక్షించి, ఆ సంగతి తెలుగులో రాయాలనుకోవడం నాకు బాగా నచ్చింది. అమెరికాలో మనవాళ్లు తుపాకులు కొంటున్నారు గానీ దాని గురించి తెలుగులో రాసేవాళ్లు అరుదు. కొన్నవాళ్లు పైకి చెప్పరు. కొనాలనుకునేవాళ్లు నాలుగు వీడియోలు చూసి షాపుకెళ్తారు. అంటే నీ వ్యాసం చదివి కొందరు నిజంగానే పిస్తోలు కొని నడుముకు పెట్టుకుంటారు. ఒక్కో వాక్యం రాసేటప్పుడు ఆ మనుషుల్ని కళ్లముందు పెట్టుకో.

మొట్టమొదట చెప్పాల్సిన విషయం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, అవి లాయర్‌ని అడిగి తేల్చుకోవాల్సినవి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. నీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఇది తట్టలేదు. కానీ నీ పాఠకుల్లో ఎంతోమంది వీసా మీదే ఉన్నారు. షాపులో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న ఉంటుందని, అందులో అబద్ధం రాయడమే ఒక నేరమని స్పష్టంగా రాయి. ఇండియాలో చదివేవాళ్ల కోసం ఇంకో మాట కూడా చేర్చు. నువ్వు కొన్న 9 ఎం.ఎం. అక్కడ నిషేధిత బోరు (తూటా సైజు), మామూలు పౌరులకు దానికి లైసెన్సు ఇవ్వరు.

"టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డు లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు పెట్టుకు తిరగొచ్చన్నది నిజమే. అయినా నువ్వు లైసెన్సు పరీక్ష రాసి, ఆ అనుభవం కూడా ఇందులో పెడితే బాగుంటుంది. 50 తూటాలు కాల్చాలి: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కుల్లో 175 రావాలి. చిన్న పిస్తోలుతో 15 గజాల దగ్గర నిలబడితే గురి ఎలా చెదురుతుందో, అక్కడ నీ చేతులేం చేశాయో రాస్తే ఆ ఒక్క పేరా నీ విశేషణాలన్నింటికంటే ఎక్కువ చెబుతుంది.

విశేషణాల సంగతికొస్తే, "అరచేతిలో ఇమిడిపోయే ముద్దొచ్చే పిస్తోలు" అన్న వాక్యం తీసెయ్. ఇంత చిన్నగా ఎందుకు చేశారో చెప్పు. 1994లో అమెరికాలో వచ్చిన చట్టం తూటాలు నింపే కొత్త మ్యాగజైన్లకు 10 తూటాల పరిమితి పెట్టింది. పట్టేవి పదే అయినప్పుడు పెద్ద తుపాకీ దేనికన్న ఆలోచన బలపడింది. 1995లో గ్లాక్ 26 అనే చిన్న పిస్తోలు వచ్చింది. 2004లో ఆ చట్టం గడువు తీరిపోయినా చిన్న పిస్తోళ్లకు గిరాకీ తగ్గలేదు. 2018లో సిగ్ పీ365 అనే పిస్తోలు వచ్చి, ఇంకా సన్నటి ఒంట్లో అవే పది తూటాలు పట్టించింది. బ్యారెల్, అంటే గొట్టం, 3.1 అంగుళాలు, బరువు దాదాపు అర కిలో. నువ్వు కొన్నది ఆ కోవలోదే కాబట్టి ఈ కథ నీ వ్యాసానికి అవసరం.

ఇక అసలు విషయం, పరీక్ష. "సూపర్‌గా పనిచేసింది, ఒక్కసారి కూడా జామ్ కాలేదు" అని రాశావు. ఏ తూటాలతో? ఎన్ని కాల్చాక? రేంజ్‌లో అందరూ వాడే గుండ్రటి ముక్కు తూటాలు చౌక, దాదాపు ప్రతి పిస్తోలూ వాటిని సాఫీగా మింగేస్తుంది. రోజూ నడుముకు పెట్టుకునేటప్పుడు వేసేది హాలోపాయింట్. దాని మూతి వెడల్పుగా, బోలుగా ఉంటుంది, ఛాంబర్‌లోకి, అంటే కాలే ముందు తూటా కూర్చునే అరలోకి, ఎక్కేటప్పుడు అంచు తగులుకోవచ్చు. అందుకే పెట్టుకు తిరిగే రకం తూటాలతోనే పరీక్షించాలి. కనీసం 200 ఏ ఆటంకం లేకుండా కాలితేనే నమ్మాలని తుపాకీ వాడేవాళ్లలో ఒక లెక్క ఉంది. ఆ అంకెకు శాస్త్రమేమీ లేదు. ఆ తూటాలు ఖరీదు కాబట్టి చాలామంది యాభైతో సరిపెట్టుకుంటారు. నువ్వు ఎన్ని కాల్చావో, ఏ బ్రాండో, ఎంత ఖర్చయిందో దాచకుండా రాయి.

జామ్ అయితే అది ఇంకా విలువైన సమాచారం. పొట్టి పిస్తోలులో స్లయిడ్, అంటే కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం, జరిగే దూరం తక్కువ, స్ప్రింగ్ గట్టిది. మణికట్టు వదులైతే స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ షెల్ బయటికి ఎగరకుండా పైన నిలువుగా ఇరుక్కుంటుంది. రేంజ్‌లో దాన్ని స్టోవ్‌పైప్ అంటారు. చిటికెనవేలికి పిడి మీద చోటుండదు, గాల్లో వేలాడుతుంది. పట్టు ఇంకా సడలుతుంది. తప్పు పిస్తోలుదా, చేతిదా అన్నది తేల్చాలంటే ఇంకొకరి చేత కాల్పించి చూడాలి, మ్యాగజైన్ మార్చి చూడాలి, తూటా రకం మార్చి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కొత్త మ్యాగజైన్‌లో పదో తూటా నొక్కేటప్పుడు నీ బొటనవేలు ఎలా ఎర్రబడిందో, స్లయిడ్ లాగడానికి ఎన్ని పట్లు మార్చావో రాయి. స్లయిడ్ లాగలేకపోవడం చాలామంది ఆడవాళ్లు బయటికి చెప్పుకోని ఇబ్బంది. నువ్వు చెబితే వాళ్లకు ఎంత ధైర్యమో!

హ్యాండ్‌బ్యాగ్ గురించి నాకు నిజంగానే భయమేసింది. "బ్యాగులో వేసుకుని షాపింగ్‌కి వెళ్లిపోతాను" అని తేలిగ్గా రాశావు. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక తల్లి పిల్లల్ని తీసుకుని షాపుకి వెళ్లింది. బ్యాగులో పిస్తోలుంది. అది తుపాకీ పెట్టుకోవడానికని ప్రత్యేకంగా చేసిన బ్యాగే. రెండేళ్ల కొడుకు జిప్ తీసి, చేతికందిన ట్రిగ్గర్ నొక్కాడు. తల్లి అక్కడే చనిపోయింది. నీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. పిస్తోలు ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో), ఒంటి మీదే ఉండాలి, ఒంటి మీద లేనప్పుడు తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఇది నువ్వు ముందు అమలు చేసి, తర్వాత రాయాలి.

ఆ హోల్‌స్టర్ పరీక్ష కూడా వ్యాసంలో భాగమే. పిస్తోలు ఖాళీ చేసి, ఛాంబర్ రెండోసారి చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, కొన్నాళ్లు ఇంట్లో నడుముకు పెట్టుకుని తిరుగు. వంగి పాపను ఎత్తుకున్నప్పుడు కుర్తీ పైకి లేస్తోందా, కారులో సీట్‌బెల్ట్ అడ్డం వస్తోందా, బాత్రూమ్‌కి వెళ్తే ఎక్కడ పెడుతున్నావు, ఇవన్నీ చూసి నోట్‌బుక్‌లో రాసుకో. లైసెన్సు తీసుకున్నాక, దాచిన పిస్తోలుతో లోపలికి రావద్దని చెప్పే టెక్సాస్ చట్టం సెక్షన్ 30.06 బోర్డు పెట్టిన చోట్లకి దాన్ని తీసుకెళ్లకూడదు. అలాంటి చోటికి వెళ్లాల్సి వస్తే కారులో ఎక్కడ దాస్తావో కూడా తేల్చుకో.

సంక్రాంతి సంచికకి ఇంకా టైముంది. హాలోపాయింట్లతో ఇంకోసారి రేంజ్‌కి వెళ్లొచ్చి, వీసా సంగతి మొదట్లోకి తెచ్చి, హ్యాండ్‌బ్యాగ్ వాక్యం కొట్టేసి మళ్లీ పంపు. జామ్ అయితే ఫోటో తీయడానికి కంగారుపడకు. ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, రేంజ్ ఆఫీసర్‌ని పిలువు.

ఉంటాను.