యుద్ధ వార్తల్లో మునిగిపోయిన అమ్మాయికి ఏం చదవమని చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఢిల్లీలో ఎంఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో యుద్ధ వార్తలే చూస్తోందట. రోజూ ఫోన్ చేసి ఉద్యోగాల సంగతి కనుక్కోమంటున్నాను, ఈ మధ్య ఫోన్ ఎత్తడం లేదు. పనికొచ్చే వెబ్‌సైట్లు, చానళ్లు చెప్పండి. ఇది పూర్తి చేయించడం మంచిదా, లండన్‌లో ఏడాది మాస్టర్స్‌కు పంపడం మంచిదా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది వెబ్‌సైట్ల గురించే. కానీ ఇలాంటి ఉత్తరం రాసే తల్లిదండ్రులందరి మనసులో ఉండేది ఒకటే: ఈ చదువు అన్నం పెడుతుందా అని. పెడుతుందండీ. పరిశోధన సంస్థలు, పత్రికలు, రాయబార కార్యాలయాలు, ఏ దేశంలో వ్యాపారానికి ఎంత రిస్కో లెక్కగట్టే కంపెనీలు, బోధన, ఇన్ని దారులున్నాయి. అయితే ఇంజినీరింగ్‌లోలాగా కాలేజీకొచ్చి ఆఫర్ లెటర్ ఇచ్చి వెళ్లరు. అమ్మాయి ఏం రాసిందో చూసి తీసుకుంటారు. అందుకు రెండు మూడేళ్లు పట్టొచ్చు, ఆలస్యమైందని కంగారుపడొద్దు.

బాగా రాయాలంటే అసలు పత్రాలు చదవాలి. ఒక ఉదాహరణ చెబుతాను. రష్యా తన సైన్యాన్ని ఉక్రెయిన్ నుంచి వెనక్కి తీసుకోవాలన్న తీర్మానంపై 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ జరిగింది. 141 దేశాలు తీర్మానానికి అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దూరంగా ఉన్నాయి. ఆ 35లో మనమూ ఉన్నాం. ఎందుకని టీవీ చర్చ పెడితే అరుపులే వినిపిస్తాయి. ఆ రోజు మన ప్రతినిధి ఇచ్చిన వివరణ చదివితే అక్కడ చిక్కుకున్న మన విద్యార్థుల ప్రస్తావన కనిపిస్తుంది. వాళ్లలో మన తెలుగు పిల్లలూ చాలామంది ఉన్నారు. ఇలాంటి ప్రకటనలు, పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు, విలేకరుల సమావేశాల పూర్తి పాఠాలు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తీర్మానాలు, ఓట్ల వివరాలు ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉంటాయి. పరిశోధన వ్యాసాలుండే జేస్టోర్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. తనది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ఏ జర్నళ్లు వస్తున్నాయో లైబ్రేరియన్‌ని అడగమనండి. ఢిల్లీలోనే ఉంది కాబట్టి విదేశీ వ్యవహారాల పుస్తకాలుండే సప్రూ హౌస్ లైబ్రరీ గురించి కూడా తెలుసుకోమనండి.

చానళ్లు నేను ఎక్కువ చెప్పను, ఇప్పటికే ఎక్కువైంది కదా. ఒక మంచి పేపరు, దాంతోపాటు ‘ద హిందూ’లో సుహాసినీ హైదర్ చేసే ‘వరల్డ్‌వ్యూ’ వీడియో కార్యక్రమం చాలు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. రాత్రి భోజనం తర్వాత వార్తలు వద్దు. శవాల వీడియోలు చూడకపోతే చదువులో వెనకబడిపోతామని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. అది నిజం కాదు, వాటివల్ల నిద్ర చెడటం తప్ప వేరే ఏమీ లేదు.

ఇక మీ సంగతి. రోజంతా బాంబు దాడుల గురించి చదివిన పిల్లకు రాత్రి మీరు ఫోన్ చేసి ‘ఉద్యోగం సంగతి ఏమైంది’ అంటే ఎందుకు ఎత్తుతుంది? తిన్నావా అని అడగండి. ఇవాళ ఏం చదివావో నాకూ చెప్పమనండి, చెబుతుంటే మధ్యలో అడ్డు రాకుండా వినండి. నిద్రలేమి వారాల తరబడి సాగినా, తిండి తగ్గినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది పిచ్చివాళ్ల కోసమేనని ఇంట్లో ఎవరైనా అంటే మీరే గట్టిగా ఆపాలి.

లండన్ విషయంలో నాకు అనుమానాలున్నాయి. ఏడాది కోర్సు, వెళ్లి కుదురుకునేలోపే అయిపోతుంది. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాను 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు 18 నెలలకు తగ్గిస్తున్నారు. విదేశాంగ, రక్షణ రంగాల్లో చాలా ఉద్యోగాలు అక్కడి పౌరులకే. ఐరాస సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతమే ఉండదు. ఇంత తెలిసీ ఇల్లు తాకట్టు పెట్టి పంపమని నేను చెప్పలేను. మొదలుపెట్టిన ఎంఏ పూర్తి చేయనివ్వండి. దానితోపాటు అరబిక్కో రష్యనో ఒక భాష నేర్చుకోమనండి. తర్వాత రెండేళ్లు పనిచేస్తే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అది వస్తే ఫీజు, అక్కడి ఖర్చులు వాళ్లే భరిస్తారు, చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలన్నది షరతు. లండన్ మీద అప్పటికీ మనసుంటే అలా వెళ్తుంది.